చిక్కి శల్యమైన కుక్కను నిలబెట్టడానికి వాడినవి: రెండేళ్ల తర్వాత నా సమీక్ష

చుక్కిని దత్తత తెచ్చుకుని రెండేళ్లు దాటింది. విజయవాడ వీధుల్లో పుట్టిన మామూలు ఊరకుక్క, నుదుటి మీద తెల్లమచ్చ. తెచ్చిన రోజున పది కిలోలకు కాస్త తక్కువే తూగింది. దాని ఎముకల తీరుకి పదహారు దాకా ఉండాలన్నారు డాక్టరుగారు. ఇప్పుడు ఆ పదహారు దగ్గరే నిలకడగా ఉంది. ఈ మధ్యకాలంలో దానికి వాడిన మందులు, పెట్టిన తిండి, కొన్న సామాన్లలో ఏది నిజంగా పనికొచ్చిందో, దేనికి పెట్టిన డబ్బు దండగో చెప్తాను.

ముందే ఒక మాట చెప్పేస్తాను. బక్క కుక్కను చూడగానే అందరికీ తోచేది తిండే. గుడ్లు పెట్టు, నెయ్యి వెయ్యి, టానిక్ పట్టు అంటారు. నా అనుభవంలో తిండిది రెండో స్థానం. తిన్నది ఒంటికి ఎందుకు పట్టడం లేదో కనిపెట్టడం మొదటి స్థానం. చుక్కి వీధిలో ఉన్నప్పుడూ ఏదో ఒకటి తింటూనే ఉంది. ఆ తిన్నది దానికి మిగల్లేదంతే.

గన్నవరం పశువైద్య కళాశాల ఆసుపత్రిలో చూపించాం. అక్కడ మొదట చిగుళ్లు చూశారు, పాలిపోయి ఉన్నాయి. చెవుల లోపల, కాలి వేళ్ల సందుల్లో పిడుదులు గుత్తులుగా ఉన్నాయి. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ తక్కువ, ప్లేట్‌లెట్లు తక్కువ, టిక్ ఫీవర్ (పిడుదుల వల్ల వచ్చే జ్వరం) ఉందని తేలింది. మలపరీక్షలో కొంకిపురుగుల (హుక్‌వార్మ్) గుడ్లు కనిపించాయి. బాడీ కండిషన్ స్కోర్ అని తొమ్మిది మెట్ల కొలత ఒకటుంది. నాలుగూ అయిదూ ఆరోగ్యం, చుక్కికి రెండు వేశారు. కొంకిపురుగు పేగు గోడకు కరుచుకుని రక్తం తాగుతుంది. పిడుదు రక్తం తాగడమే కాక ఎర్లిషియా అనే క్రిమిని ఎక్కిస్తుంది, అది ప్లేట్‌లెట్లను దెబ్బతీస్తుంది. ఈ రెండూ ఒంట్లో ఉండగా ఎంత కోడిమాంసం పెట్టినా వాటికే.

నట్టల మందు సంగతి. మాకు రాసింది ప్రాజిక్వాంటెల్, పైరాంటెల్, ఫెబాంటెల్ మూడూ కలిసిన మాత్ర. బరువును బట్టి మోతాదు. ఖర్చు పెద్దగా లేదు, ఫలితం మాత్రం మొదటి నెలలోనే కనిపించింది. పొట్ట ఉబ్బు తగ్గింది, విరేచనం గట్టిపడింది. ఒక్కసారి వేసి వదిలేయకూడదు. ఆ మాత్ర పేగులో ఉన్న పెద్ద పురుగుల్ని చంపుతుంది; కండరాల్లో దాగిన పిల్లపురుగులు తర్వాత పేగులోకి దిగుతాయి. అందుకే రెండు మూడు వారాలకు మళ్లీ వేయమంటారు. తోక కింద బియ్యపు గింజల్లాంటివి కనబడితే అది బద్దెపురుగు. అది ఫ్లీ అనే, రెక్కల్లేని గెంతే చిన్న పురుగు వల్ల వస్తుంది కాబట్టి ఒంటి మీద ఫ్లీలు పోయేదాకా మాత్ర మీద మాత్ర వేసినా తిరిగొస్తూనే ఉంటుంది.

టిక్ ఫీవర్‌కి డాక్సీసైక్లిన్. సాధారణంగా 28 రోజుల కోర్సు. ఇక్కడ నేను గట్టిగానే చెప్పదలచుకున్నాను. రెండు మూడు రోజులకే కుక్క లేచి తోకాడిస్తుంది, తిండి తింటుంది. మా వీధిలో చాలామంది అక్కడితో మందు ఆపేశారు, కొన్ని నెలలకు జ్వరం మళ్లీ వచ్చింది. కోర్సు పూర్తి చేయాలి, ఆ తర్వాత ప్లేట్‌లెట్లు మళ్లీ చూపించాలి. మాత్ర ఖాళీ కడుపున వేస్తే వాంతి చేసుకుంటుంది, తిండి మధ్యలో పెట్టాలి. పాలూ పెరుగూ మాత్రం ఆ వేళకు పెట్టొద్దన్నారు, కాల్షియం ఆ మందు ఒంటికి పట్టడాన్ని తగ్గిస్తుందట.

నేను వాడిన వాటన్నిటిలో పూర్తి మార్కులు వేసేది పిడుదుల మాత్రకే. బ్రావెక్టో వాడుతున్నాం, ఫ్లూరలానర్ అనే మందు. ఒక మాత్ర దాదాపు పన్నెండు వారాలు పనిచేస్తుంది. ఖరీదు ఎక్కువే. అయినా పౌడర్లు, షాంపూలు, స్ప్రేలు నెల నెలా కొని విసిగిపోయిన వాళ్ల లెక్క చూస్తే ఇదే చవక. బరువుల వారీగా వేర్వేరు మాత్రలు ఉంటాయి: నాలుగున్నర నుంచి పది కిలోలకు ఒకటి, పది నుంచి ఇరవైకి ఇంకొకటి. బరువు పెరుగుతున్న కుక్కకు ప్రతిసారీ తూచి కొనాలి. తూచడానికి ప్రత్యేకమైన కాటా అక్కర్లేదు, కుక్కను ఎత్తుకుని మన తూకం యంత్రం మీద నిలబడి మన బరువు తీసేస్తే చాలు. పిడుదు కరిచాకే ఈ మందు దాన్ని చంపుతుంది కాబట్టి అప్పుడప్పుడూ ఒకటీ అరా ఒంటి మీద కనిపిస్తాయి, కంగారు పడొద్దు. పేగు పురుగులకు ఇది పనిచేయదు, నట్టల మందు విడిగా ఉండాల్సిందే. మూర్ఛ వచ్చే కుక్కలకు ఈ జాతి మందుల విషయంలో జాగ్రత్త అవసరమని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2018లో హెచ్చరించింది. అలాంటి చరిత్ర ఉంటే డాక్టరుకి తప్పకుండా చెప్పండి.

ఇంట్లో పిడుదుల మాట కూడా చెప్పాలి. ఈ గోధుమరంగు పిడుదు మన ఇంట్లోనే తరాలు తరాలు గడిపేస్తుంది. కడుపు నిండిన ఆడపిడుదు కుక్కను వదిలి గోడ పగుళ్లలోకి ఎక్కి వేలల్లో గుడ్లు పెడుతుంది. మేం మెట్ల కింద గోడ పగుళ్లకు సిమెంటు పూయించాం, పాత గోనెసంచులు తీసి పారేశాం. కిరోసిన్ రాయమనేవాళ్లు, కర్పూరం నూనె రాయమనేవాళ్లు, పొలానికి కొట్టే మందు నీళ్లలో కలిపి కడగమనేవాళ్లు ఉంటారు. దయచేసి ఏదీ చేయకండి. కుక్క ఒళ్లు నాక్కుంటుంది, అదంతా కడుపులోకి పోతుంది.

ఇక తిండి. మొదటి వారం నాకు చాలా కష్టమైన వారం. ఆకలితో ఉన్న ప్రాణి కళ్లలోకి చూస్తూ కొంచెమే పెట్టాలి. "అదేంటమ్మా, పిడికెడు పెట్టి లేచొచ్చేశావ్? కడుపు నిండా పెట్టు, పుణ్యం వస్తుంది" అని పక్కింటి మామ్మగారు రోజూ అనేవారు. "మామ్మగారూ, ఒక్కసారే ఎక్కువ పెడితే ప్రాణానికే ముప్పండీ" అని నచ్చచెప్పాల్సి వచ్చింది. అది నిజం. చాలాకాలం పస్తులున్న ఒంటికి హఠాత్తుగా ఎక్కువ తిండి పడితే రక్తంలో ఫాస్ఫరస్, పొటాషియం, మెగ్నీషియం ఒక్కసారిగా పడిపోతాయి. గుండె లయ తప్పొచ్చు. పది కిలోల కుక్కకు కదలకుండా పడుకుంటేనే రోజుకి సుమారు 390 క్యాలరీలు కావాలి. అందులో మూడో వంతుతో మొదలుపెట్టి, వాంతీ విరేచనం లేకపోతే అయిదారు రోజుల్లో పూర్తి మోతాదుకి రమ్మన్నారు. అది కూడా రోజుకు నాలుగు పూటలుగా. ఒక కోడిగుడ్డు డెబ్భై క్యాలరీలు, వంద గ్రాముల అన్నం నూట ముప్పై; ఆ లెక్కన మొదటిరోజు తిండి ఎంత తక్కువో ఊహించండి.

ఆ తర్వాత మాకు కుదిరిన తిండి ఇది. మెత్తగా ఉడికించిన అన్నం, చర్మం తీసి ఉడికించిన కోడిమాంసం, తీపి గుమ్మడి ముక్కలు, రోజూ ఒక గుడ్డు. కోడి దుకాణంలో కందనకాయలు చవగ్గా దొరుకుతాయి, ఉడికించి సన్నగా తరిగి వేస్తే చుక్కికి పండగే. కార్జం మాత్రం వారానికి ఒకటి రెండు ముక్కలే. దాన్లో విటమిన్ ఎ మరీ ఎక్కువ. ఉప్పూ కారం చింతపండూ లేకుండా, ఉల్లీ వెల్లుల్లీ అసలు తగలకుండా వండాలి. మన ఇళ్లలో మిగిలిన సాంబారన్నం, పులుసన్నం పెట్టడం అలవాటు. ఉల్లిపాయ కుక్కల ఎర్ర రక్తకణాలను పగలగొడుతుంది, అసలే రక్తం తక్కువగా ఉన్న కుక్కకు అది ఇంకా ప్రమాదం. ఉడికించిన ఎముకలూ వద్దు, సూదుల్లా చీలిపోతాయి. పాలు పోస్తే మా దానికి వెంటనే విరేచనాలు. పెరుగు బాగా పడింది.

ఇంటి తిండి ఒక్కటే సరిపోతుందా అంటే సరిపోదు. అన్నం, మాంసం కూటిలో కాల్షియం చాలా తక్కువ. అందుకే రెండో నెల నుంచి సగం ఇంటి తిండి, సగం ప్యాకెట్ గుళికలు చేశాం. గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి కలిపేదాన్ని. ఏ కంపెనీదైనా సరే, ఎదిగిన కుక్కలకు పూర్తి సమతుల ఆహారం అని సంచి మీద రాసి ఉందో లేదో చూడండి. ఒక బ్రాండుకి దురద పెట్టి మార్చాం, రెండోది ఇప్పటికీ నడుస్తోంది. కొత్తది మొదలుపెట్టినప్పుడు వారం రోజుల పాటు పాతదాంట్లో కొంచెం కొంచెంగా కలపాలి.

కాలేయం టానిక్, బరువు పెరిగే పొడి, బలం బిస్కెట్లు: వీటికి నా దగ్గర మార్కులు లేవు. టానిక్ రెండు సీసాలు వాడాం. పరీక్షలో కాలేయం బాగానే ఉందని తెలిశాక ఆపేశాం, తేడా ఏమీ కనబడలేదు. ఆ డబ్బుతో ఇంకో రక్తపరీక్ష చేయించొచ్చు.

బరువు నెలకు కిలో చొప్పున కూడా పెరగలేదు, అదే మంచిదన్నారు. మొదట పెరిగింది బరువు కాదు, వెంట్రుక. గజ్జి మచ్చల మీద కొత్త బొచ్చు వచ్చింది. ఆపైన నడుముకి ఇరువైపులా కండ పట్టింది. పక్కటెముకలు ఇలా చూస్తాను: అరచేయి చాపి దాని వెనుకవైపు తడిమితే ఎముకలు ఎలా తగులుతాయో కుక్క పక్కటెముకలూ అలాగే తగలాలి. పిడికిలి కణుపుల్లా పొడుచుకొస్తే బక్కగా ఉన్నట్టు. మన ఊరకుక్కలది సహజంగా సన్నని ఒళ్లు, చివరి ఒకటి రెండు ఎముకలు లీలగా కనిపించడం రోగం కాదు. లాబ్రడార్‌తో పోల్చి ఇంకా పెట్టమనే వాళ్ల మాట వినొద్దు.

ఇల్లు అలవాటు పడటం బరువు కన్నా నెమ్మదిగా జరిగింది. మూడు రోజులు, మూడు వారాలు, మూడు నెలలు అని దత్తతలో ఒక లెక్క చెప్తారు. చుక్కికి దానికన్నా ఎక్కువే పట్టింది. చీపురు చూస్తే మెట్ల కిందకు దూరేది. మేం అక్కడి నుంచి లాగలేదు. అదే చోట పాత దుప్పటి, నీళ్లు పెట్టి ఆ మూలను దానికే వదిలేశాం. తిండి గిన్నె దగ్గరకు ఎవరొచ్చినా గుర్రుమనేది. గిన్నె తీసి పెట్టి అలవాటు చేయమని కొందరు సలహా ఇచ్చారు. మా ఆయన దానికి వ్యతిరేకంగా చేశారు: అటుగా వెళ్తూ ఒక కందనకాయ ముక్క గిన్నెలోకి విసిరి ఆగకుండా సాగిపోయేవారు. కొన్ని వారాలకు మనిషి దగ్గరికొస్తుంటే గుర్రు పోయి తోక ఊగడం మొదలైంది. ఈ ఒక్క చిట్కాకే నేను ఎవరికైనా గట్టిగా హామీ ఇస్తాను.

సామాన్లలో ఉపయోగపడింది నవారు మంచం లాంటి ఎత్తుపడక. ఎముకలు నేలకు ఒరుసుకుని మోచేతుల దగ్గర పుండ్లు పడిన కుక్కకు అది గొప్ప ఉపశమనం. మెడపట్టీ బదులు ఛాతీ పట్టీ మంచిది. కానీ మొదట కొన్న నైలాన్ పట్టీ చంకల్లో ఒరిసి ఎర్రగా చేసింది, లోపల మెత్త ఉన్నది మార్చాం. భయపడే కుక్క వెనక్కి జారి తప్పించుకోగలదు కాబట్టి మొదటి నెలల్లో మెడపట్టీకి, ఛాతీ పట్టీకి రెండింటికీ తాళ్లు కట్టి పట్టుకునేవాళ్లం. దీపావళికి కిటికీలు మూసి, ఫ్యాను పెట్టి, డాక్టరు రాసిన మందు ముందుగానే వేశాం. ఆ మందు లేకుండా మొదటి ఏడు గడిచేది కాదు.

బెజవాడ ఎండల్లో, ముఖ్యంగా రోహిణి కార్తెలో, చుక్కి తిండి సగానికి తగ్గిపోతుంది. అది రోగమని మొదటి వేసవిలో హడలిపోయాం. ఇప్పుడు తెల్లవారుజామున ఒక పూట, రాత్రి చల్లబడ్డాక ఇంకో పూట పెడుతున్నాం, మజ్జిగ నీళ్లు మధ్యాహ్నం. నడక తెల్లవారి అయిదింటికే అయిపోవాలి, తారు రోడ్డు మీద అరచేయి ఆనించి కాలితే బయటకు తీయం.

పదహారు కిలోలు వచ్చాక తిండి పెంచడం ఆపేశాం. రోజుకి ఎనిమిది తొమ్మిది వందల క్యాలరీల దగ్గర పెట్టి, నెలకోసారి తూచి రాసుకుంటున్నాను. రేబిస్ టీకా, తొమ్మిది రోగాల టీకా ఏటా వేయిస్తున్నాం, రక్తపరీక్ష వానలు తగ్గాక ఒకసారి. మీరు తెచ్చుకున్న కుక్క బాగా తింటూ కూడా చిక్కిపోతుంటే, చిగుళ్లు తెల్లగా ఉంటే, ముక్కు నుంచి రక్తం కారినా ఒంటి మీద ఎర్ర చుక్కలు కనిపించినా, టానిక్ కొట్టుకు కాకుండా ఆ రోజే రక్తపరీక్షకు తీసుకెళ్లండి.