రోడ్డు పక్క 20 గుంటలా, లోపల రెండెకరాలా?

చౌటుప్పల్ మండలంలో భూమి చూసేవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఇది. 65వ నంబర్ (హైదరాబాద్-విజయవాడ) హైవే మీద ఒక రేటు, రెండు కిలోమీటర్లు లోపలికి వెళితే ఇంకో రేటు. సంగారెడ్డి నుంచి ఇక్కడిదాకా హైదరాబాద్ చుట్టూ తిరిగే రీజినల్ రింగ్ రోడ్డు వస్తుందన్నాక లోపలి ఊళ్లలోనూ ఆశలు పెరిగాయి.

ఖర్చు: రోడ్డు బిట్టుకు లెక్క గుంటల్లో, ఒక్కోసారి గజాల్లో (గుంటకు 121 గజాలు). లోపల ఎకరాల్లోనే.

శ్రమ: రోడ్డు బిట్టుకు కడీలు పాతి వదిలేయొచ్చు. లోపలి భూమికి బోరు, కౌలు, అన్నిటికన్నా ముందు బాట. నేను చూసిన ఒక చెలకకు ట్రాక్టర్ పక్క రైతు గట్టు మీదుగానే పోవాలి. ఆయన ఆ అంచుదాకా పత్తి పెడితే దారే లేదు. నక్షాలో (ఊరి భూముల పటంలో) బాట ఉందో లేదో చూడకుండా బయానా (అడ్వాన్సు) ఇవ్వకండి.

రిస్క్: రోడ్డు పక్కన విస్తరణలో ముందు భాగం పోవచ్చు. లోపల రింగ్ రోడ్డు అలైన్‌మెంట్‌లో (రోడ్డుకు గీసిన దారిలో) పడితే మొత్తం పోవచ్చు. 2013 భూసేకరణ చట్టం ప్రకారం పరిహారం లెక్కకు రిజిస్ట్రేషన్ విలువలు, చుట్టుపక్కల గత మూడేళ్ల అమ్మకపు దస్తావేజులే ముఖ్య ఆధారం. అందరూ తక్కువ ధర రాయించుకున్న ఊళ్లో నష్టపోయేది చివరికి రైతే. ఇది నన్ను నిజంగా బాధపెడుతుంది.

నాలుగైదేళ్లలో పిల్ల పెళ్లికో, చదువుకో డబ్బు కావాలంటే రోడ్డు బిట్టే త్వరగా అమ్ముడవుతుంది. సేద్యం చేసే చేతులు, పదేళ్ల ఓపిక ఉంటే మాత్రం నేను రెండెకరాలే కొనమంటాను.