డోర్నకలా, మెదకా?
మెదక్ చర్చి ముందు ఫొటో దిగనివాళ్లు తక్కువ గానీ, చరిత్ర అడిగితే నా ఓటు డోర్నకల్ డయాసిస్‌కే (డయాసిస్ అంటే ఒక బిషప్ కింద ఉండే చర్చిల ప్రాంతం). అది ఆంగ్లికన్‌ది, అంటే ఇంగ్లండ్ చర్చి శాఖది, మొదటి నుంచీ బిషప్ ఉన్న వ్యవస్థ; పైగా తిరునల్వేలి నుంచి మిషనరీగా వచ్చిన వి.ఎస్. అజరయ్య 1912లో అక్కడ బిషప్ అయ్యారు, ఆంగ్లికన్లలో ఆ పదవి అందుకున్న మొదటి భారతీయుడు ఆయనే. మెదక్‌ది వెస్లియన్ మెథడిస్టు బాట, అది మరో ప్రొటెస్టంట్ శాఖ. ఆ శాఖ మిషనరీ పోస్నెట్ దొర కట్టించిన పెద్ద చర్చి 1924 క్రిస్మస్‌కే తెరుచుకున్నా, బిషప్ మాత్రం లేరు. 1947 సెప్టెంబరు 27న సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా, పలు ప్రొటెస్టంట్ శాఖలు కలిసిన సంఘం) ఏర్పడి రెండూ అందులో కలిశాకే మెదక్ డయాసిస్ అయింది. ఇప్పుడు పాలన రెండుచోట్లా దాదాపు ఒకటే: ఊళ్ల సంఘాలు కలిసి పాస్టరేటు, పైన డయాసిస్ కౌన్సిల్, బిషప్. భవనాలకే పొంతన లేదు, డోర్నకల్ కేథడ్రల్‌లో గుడి స్తంభాలూ మసీదు గుమ్మటాలూ కలిసి కనిపిస్తే, మెదక్‌ది పక్కా గోతిక్, అంటే మొనదేలిన కమానుల యూరప్ శైలి.