గిద్దలూరు–నంద్యాల ఘాట్ దారి: పద్నాలుగేళ్లు తిరిగాక

ఈ దారి మీద నా ఫిర్యాదు ఒక్కటే. నంద్యాల నుంచి వస్తూ పచ్చర్ల ఊరు దాటి నల్లమల అడవిలోకి వచ్చాక సిగ్నల్ లేక ఫోన్ మూగబోతుంది. పద్నాలుగేళ్లుగా తిరుగుతున్నా ఇంకా అదే కోపం.

మా గిద్దలూరు వాళ్లకి నంద్యాల పోవడమంటే షికారు కాదు. 1970లో ప్రకాశం జిల్లా పెట్టినప్పుడు మమ్మల్ని కర్నూలు నుంచి తీసి అందులో కలిపారు. ఆఫీసు కాగితాలకి జిల్లా కేంద్రం ఒంగోలు అయింది, ఆసుపత్రికీ పెళ్లి బట్టలకీ నంద్యాలే మిగిలింది. మలుపులు, కోతులు, సర్వ నరసింహస్వామి గుడి అందరికీ తెలిసినవే, వాటి జోలికి పోను.

రెండేళ్ల కిందట కార్తీకంలో అమ్మకి నంద్యాలలో కంటి ఆపరేషన్ చేయించి కార్లో తీసుకొస్తున్నాను. చీకటి పడుతుండగా ఘాట్ మలుపులో బేతంచెర్ల నాపరాయి బండల లారీ ఒకటి, చక్రాల పైనుండే కమాన్ కట్టలు (స్ప్రింగు పట్టీలు) విరిగి అడ్డంగా నిలబడిపోయింది. బైకులు తప్ప ఏమీ పోవడం లేదు. రెండు గంటలకోసారి కంట్లో చుక్కలు వేయాలి, మందు సంచిలోనే ఉంది కాబట్టి సరిపోయింది. నా టెన్షన్ అంతా ఇంటి దగ్గర కంగారు పడుతుంటారనే. ఎటు తిప్పినా సిగ్నల్ లేదు.

కిందెక్కడో రైలు పోతున్న చప్పుడు వినిపించింది. "రైలెక్కి ఉంటే ఈపాటికి అన్నం తింటుంటిమి" అంది అమ్మ. మీటర్ గేజ్ (ఇరుకు పట్టాల) రోజుల్లో రైలు దొరబావి అనే ఎత్తైన వంతెన మీద పోతుంటే కిందికి చూడలేక కళ్లు మూసుకునేదట. బ్రాడ్ గేజ్ వేసినప్పుడు లైను మార్చేసి ఆ వంతెనని వదిలేశారు. ఒక కంటికి కట్టుతో కూర్చుని ఆ కథంతా చెప్పింది.

అప్పుడు మా వెనక బస్సు కండక్టర్ వచ్చాడు. "నంబర్ చెప్పన్నా" అంటూ బండి బండికీ తిరిగి ఇళ్ల నంబర్లు ఒక కాగితం మీద రాసుకున్నాడు. గిద్దలూరు వైపు దిగువమెట్టకి పోతున్న బైకతని చేతిలో పెట్టి, సిగ్నల్ దొరికిన చోట ఫోన్ చేయమన్నాడు. మేం ఇల్లు చేరేసరికి రాత్రి పదకొండు. ఎవరో ఫోన్ చేసి, లారీ అడ్డం పడింది, మీవాళ్లు బాగానే ఉన్నారని ఎనిమిదింటికే చెప్పారని మా ఆవిడ అంది. ఆ బైకతను ఎవరో నాకిప్పటికీ తెలియదు.

ఎండాకాలంలో కూడా ఈ దారి చల్లగా ఉంటుందని ఒకప్పుడు అందరికీ నేనే చెప్పేవాణ్ణి. వానలు పడ్డాక నిజమే. మార్చి, ఏప్రిల్‌లో ఆకు రాలి, రాళ్ల సెగ తగులుతుంది. స్టేట్ హైవే పోయి, అనంతపురం–గుంటూరు జాతీయ రహదారి 544డి అని నంబర్ మారాక తారు బాగైంది. బండల లారీలూ నా కంటికి పెరిగాయి.

నాకు నంద్యాలలో పనులు తప్పవు, పొద్దున తొమ్మిదిలోపు ఘాట్ దాటేస్తాను, కాబట్టి ఈ దారే పోతాను. పసిపిల్లలతోనో, చీకటిపడ్డాకనో వచ్చేవాళ్లకి అదే మాట చెప్పలేను. అమ్మ రెండో కంటికి మాత్రం రైలుకే పోయాం. అది గంటన్నర లేటు.