ఐదేళ్లుగా నిక్ జెంట్నర్ గారి జియాలజీ పాఠాలు వింటున్నాను

మాది రాజమండ్రి, ఉద్యోగం సియాటిల్ దగ్గర. 2020లో కోవిడ్ వచ్చి అందరం ఇళ్లలో ఉండిపోయిన రోజుల్లో యూట్యూబ్‌లో నిక్ జెంట్నర్ గారి లైవ్ పాఠం కనిపించింది. ఆయన వాషింగ్టన్ రాష్ట్రంలోని ఎలెన్స్‌బర్గ్ అనే చిన్న ఊళ్లో, సెంట్రల్ వాషింగ్టన్ యూనివర్సిటీలో 1992లో జియాలజీ మాస్టారుగా చేరారు. క్లాసులు ఆగిపోయిన ఆ రోజుల్లో ఇంటి దగ్గరే నల్లబోర్డు పెట్టుకుని, సుద్దముక్కతో బొమ్మలు గీస్తూ ప్రపంచమంతటికీ పాఠం మొదలుపెట్టారు. మధ్యమధ్యలో వాళ్ల పిల్లి బిజూ కూడా కనిపించేది. అప్పటినుంచి వింటూనే ఉన్నాను. ఒక్క రూపాయి ఖర్చు లేదు.

నన్ను కట్టిపడేసింది ఆయన జవాబు చెప్పడానికి తొందరపడకపోవడం. తూర్పు వాషింగ్టన్‌లో మట్టి కొట్టుకుపోయి నల్లరాయి తేలిన నేలలు, నీళ్లు లేని జలపాతాలు ఉన్నాయి. డ్రై ఫాల్స్ అనే చోట కొండచరియ ఎత్తు దాదాపు 120 మీటర్లు. ఇదంతా ఒక మహా వరద చేసిన పని అని 1923లో జె. హార్లెన్ బ్రెట్జ్ రాశారు. అంత నీరు ఎక్కడిదని తోటి శాస్త్రవేత్తలు నిలదీశారు. ఆ ప్రశ్న న్యాయమైనదే కదా! జెంట్నర్ గారు మనల్ని కూడా అక్కడే కాసేపు నిలబెడతారు. తర్వాతే జోసెఫ్ పార్డీ అనే శాస్త్రవేత్త దగ్గరికి తీసుకెళ్తారు. మోంటానాలో ఒకప్పటి పెద్ద సరస్సు అడుగున నీటి ఉరవడికి ఏర్పడ్డ భారీ అలల గుర్తుల గురించి పార్డీ 1940ల్లో చెప్పారు. మంచు ఆనకట్ట తెగి సరస్సు మొత్తం ఒక్కసారిగా ఖాళీ అయిందని అప్పుడు మనకే తడుతుంది. జియాలజీలో పెద్ద గౌరవమైన పెన్‌రోజ్ మెడల్ బ్రెట్జ్‌కు 1979లో వచ్చింది, అప్పటికి ఆయనకు తొంభై ఆరేళ్లు దాటాయి. ఆ పాఠం విన్న రాత్రి నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు.

విన్నవన్నీ చూడాలనిపించి వారాంతాల్లో కారేసుకుని వెళ్లడం మొదలుపెట్టాను. వాంటేజ్ దగ్గర ఫ్రెంచ్‌మన్ కూలీ అనే లోయలో రాతి స్తంభాలు గుడి మండపంలోలాగా వరుసగా నిలబడి ఉంటాయి. లావా చల్లారుతూ కుంచించుకుపోయి నిలువుగా పగిలితే అలా అవుతుంది. సుమారు 1.6 కోట్ల ఏళ్ల కిందట ఈ ప్రాంతంలో పొంగిన లావాల్లో కొన్ని పసిఫిక్ సముద్రం దాకా పారాయని ఆయన చెప్పగానే నాకు మా గోదావరి గుర్తొచ్చింది. కాటేరు, పంగిడి దగ్గర కనిపించే నల్లరాయి కూడా లావాయే, సుమారు 6.5 కోట్ల ఏళ్ల నాటిది. పడమటి కనుమల వైపు పుట్టి వెయ్యి కిలోమీటర్లు పారి వచ్చిన దక్కన్ లావా అని పరిశోధకులు లెక్కగట్టారు. దాని పక్కనే పెరిగి ఆ సంగతి ఎలెన్స్‌బర్గ్ మాస్టారి వల్ల తెలుసుకున్నాను.

ఇక ఇబ్బందులు. లైవ్ పాఠాలు గంటన్నర, రెండు గంటలు సాగుతాయి. వంట చేస్తూ వింటే కుదరదు, బోర్డు చూడాల్సిందే. విషయమంతా దాదాపు అమెరికా వాయవ్య ప్రాంతం చుట్టూనే తిరుగుతుంది. 'ఎ నుంచి జెడ్' సిరీస్‌లు మరీ లోతు. పరిశోధకులనే పిలిచి మాట్లాడిస్తారు, ఇంకా తేలని వాదాలు చర్చిస్తారు. నేను తొందరపడి 'బాహా-బీసీ'తో (కెనడా పడమటి తీరంలోని కొంత నేల ఒకప్పుడు దక్షిణాన మెక్సికో దగ్గర ఉండేదా అన్న వాదం) మొదలుపెట్టి, రాళ్లలోని అయస్కాంత గుర్తుల దగ్గర ఏమీ అర్థం కాక రెండు నెలలు వదిలేశాను. కొత్తవాళ్లు ముందు 'నిక్ ఆన్ ది రాక్స్' చిన్న వీడియోలు, తర్వాత ఎలెన్స్‌బర్గ్ ఊళ్లో జనానికి ఇచ్చిన గంట ఉపన్యాసాలు చూడండి. 1700 జనవరి 26న అమెరికా వాయవ్య తీరంలో వచ్చిన పెద్ద భూకంపం తేదీ జపాన్ సునామీ రికార్డులతో ఎలా దొరికిందో చెప్పే పాఠం అస్సలు వదలకండి.

మొన్న సెలవులకు వెళ్లినప్పుడు నాన్నకు ఒక వీడియో చూపించాను. ఆ ఇంగ్లీషు వేగం ఆయనకు అందలేదు గానీ బోర్డు మీది బొమ్మ అందింది. మర్నాడు ఇద్దరం పంగిడి క్వారీల వైపు వెళ్లాం. లావా పొరల మధ్య గుల్లల శిలాజాలున్న సున్నపురాయి ఉంటుందని చెబితే నాన్న అక్కడే నిలబడిపోయారు. "మన ఇంటి పునాదిలో వేసింది ఈ రాయేరా" అన్నారు. ఇలా తెలుగులో, మన రాళ్ల గురించి సుద్దముక్క పట్టుకుని చెప్పే మాస్టారు ఒకరుంటే నాన్న రోజూ వింటారు. అలాంటివారు మీకు తెలిస్తే దయచేసి నాకు చెప్పండి.