భిన్న సంస్కృతుల పుస్తకాలు: బహుమతుల జాబితా, లైబ్రేరియన్, డిజిటల్ గ్రంథాలయం... ఏది మేలు?

పిల్లలు చదివే కథల్లో తమ ఇంటి లోకమే కాక ఇతర జాతుల, మతాల, దేశాల జీవితం కూడా కనిపించాలని కోరుకునేవారికి మొదట ఎదురయ్యే ప్రశ్న, అలాంటి పుస్తకాలను ఎక్కడ వెతకాలన్నదే. అమెరికాలో విస్కాన్సిన్-మాడిసన్ విశ్వవిద్యాలయానికి చెందిన బాలల పుస్తక కేంద్రం తీసిన లెక్క ప్రకారం, 1985లో ఆ దేశంలో వెలువడిన సుమారు 2,500 బాలల పుస్తకాల్లో ఆఫ్రికన్ అమెరికన్ రచయితలు, చిత్రకారులు రూపొందించినవి 18 మాత్రమే. ఆనాటితో పోలిస్తే ఇప్పుడు పుస్తకాలు బాగా పెరిగాయి. అయితే ఉన్న పుస్తకం దాన్ని ఇష్టపడే పిల్లల చేతికి చేరడం మాత్రం ఇప్పటికీ తేలిక కాలేదు.

బాలల సాహిత్యానికి ఇచ్చే బహుమతుల జాబితాల బలం నమ్మకం. అమెరికాలో 1969లో నెలకొల్పిన కొరెట్టా స్కాట్ కింగ్ అవార్డు ఆఫ్రికన్ అమెరికన్ రచయితలకు, చిత్రకారులకు ఇస్తారు. అక్కడే 1996లో మొదలైన పురా బెల్‌ప్రే అవార్డు లాటినో రచయితలకు, చిత్రకారులకు ఉద్దేశించినది. ఇతర భాషల నుంచి ఇంగ్లీషులోకి వచ్చిన పుస్తకాల కోసం వెతికేవారు బ్యాచెల్డర్ అవార్డు జాబితా చూడవచ్చు; దాన్ని 1968 నుంచి ప్రచురణకర్తలకు ఇస్తున్నారు. మ్యూనిక్‌లో 1949లో ఏర్పడిన అంతర్జాతీయ బాలల గ్రంథాలయం ఏటా ‘వైట్ రావెన్స్’ పేరుతో ఎన్నో భాషల పుస్తకాలను ఎంపిక చేస్తుంది. వాటిలో చాలా పుస్తకాలు మన పిల్లలు చదవగల భాషలోకి ఇంకా రాకపోవచ్చు కాబట్టి, ఆ జాబితా ఇంటివారికంటే గ్రంథాలయాలకే ఎక్కువ పనికొస్తుంది.

ఈ జాబితాలకు ఒక పరిమితి ఉంది. బహుమతిని నిర్ణయించేది పెద్దలు. బానిసత్వం, యుద్ధం, వలస వంటి బరువైన చరిత్రను గొప్పగా చెప్పిన పుస్తకాలు న్యాయంగానే వారి మెప్పు పొందుతాయి. కానీ అవి మాత్రమే చదివిన పిల్లలకు ఒక జాతి అంటే కష్టాలు పడిన జనం అనే అభిప్రాయం మిగిలిపోతుంది. ఆ జాతిలోనూ క్రికెట్ పిచ్చి ఉన్నవాళ్లు, స్నేహితులతో అలిగేవాళ్లు, దెయ్యాల కథలు చెప్పుకునేవాళ్లు ఉంటారు కదా! అందుకే ప్రథమ బహుమతి దగ్గరే ఆగకుండా, దాని కింద పేర్కొనే ఆనర్ పుస్తకాలను, గత సంవత్సరాల జాబితాలను కూడా చూడాలి. తేలికగా, సరదాగా సాగే పుస్తకాలు అక్కడ దొరికే అవకాశం ఎక్కువ.

లైబ్రేరియన్ వద్ద దొరికేది మరొక రకమైన సాయం. జాబితా చేసినవారికి పుస్తకం తెలుసు, చదవబోయే పిల్ల తెలియదు. లైబ్రేరియన్ ఆ పిల్ల ఇష్టాలు విని పుస్తకం చూపగలరు. అయితే మనం అడిగే తీరును బట్టే జవాబు ఉంటుంది. డిటెక్టివ్ కథలంటే ప్రాణం పెట్టే పన్నెండేళ్ల అమ్మాయి కోసం వెళ్లి, ‘ఇతర సంస్కృతుల గురించిన పుస్తకాలు ఇవ్వండి’ అంటే పండుగల పరిచయాలు, జానపద కథలు చేతికొస్తాయి. ‘డిటెక్టివ్ నవల కావాలి, నేరం ఛేదించే పిల్ల మరో దేశానికో మరో మతానికో చెందినదైతే బాగుంటుంది’ అంటే, ఆ అమ్మాయి తెల్లవారేదాకా చదివే పుస్తకం రావచ్చు. సంస్కృతి అక్కడ పాఠంగా కాక, కథలో అమ్మమ్మ మాటగా, ఇంటి ప్రార్థనగా, పేరు పలకలేని టీచరుగా సహజంగా వచ్చిపోతుంది. ఆ గ్రంథాలయంలో ఉన్న పుస్తకాలే ఇందుకు హద్దు. జాబితాలోని పేర్లు రాసుకుని వెళ్లి తెప్పించమని అడిగితే ఆ హద్దూ కొంత జరుగుతుంది.

డిజిటల్ గ్రంథాలయాల్లో, మన దేశంలోని లాభాపేక్షలేని బాలల పుస్తక ప్రచురణ సంస్థ ప్రథమ్ బుక్స్ 2015లో ప్రారంభించిన స్టోరీవీవర్ చెప్పుకోదగినది. 300కు పైగా భాషల్లో, చదివే స్థాయిని బట్టి విడదీసిన బొమ్మల కథలను అక్కడ ఉచితంగా చదవవచ్చు. ఒకే కథ వేర్వేరు భాషల్లో దొరుకుతుంది కాబట్టి రెండింటినీ పక్కపక్కన పెట్టి చదివించవచ్చు. ఎవరైనా కథలు రాయవచ్చు, అనువదించవచ్చు కాబట్టి నాణ్యత ఒకేలా ఉండదు. పెద్దలు ముందుగా చదివి చూడడం అవసరం. టీనేజీ వారికి సరిపడే పెద్ద నవలలు మాత్రం ఇలాంటి చోట ఆశించలేం. ఆన్‌లైన్ దుకాణాల సిఫార్సులు ఇప్పటికే బాగా అమ్ముడైన వాటినే మళ్లీ ముందుకు తెస్తాయి కనుక వాటిని లెక్కలోకి తీసుకోనక్కర్లేదు.

ఎనిమిదేళ్లలోపు వారికి డిజిటల్ కథలతో మొదలుపెట్టడం మేలు. ఆపై, టీనేజీకి ముందు వయసువారికి ఒకే మార్గం ఎంచుకోమంటే నేను లైబ్రేరియన్‌నే ఎంచుకుంటాను. టీనేజీ పిల్లలకైతే జాబితానే చేతికిచ్చి, ఎంపిక వారికి వదిలేయాలి. మంచిదని మనం తెచ్చి పెట్టిన పుస్తకాన్ని ఆ వయసులో పాఠ్యపుస్తకంలాగే చూస్తారు.

పుస్తకం ఎక్కడ దొరికినా ఇచ్చేముందు ఒకసారి తిరగేయాలి. ఆ సమాజానికి చెందిన పాత్రకు పేరు, కోరిక, కోపం ఉన్నాయా? చిక్కును తనే విప్పుకుంటుందా, బయటివారెవరో వచ్చి రక్షిస్తున్నారా? బొమ్మల్లో అందరి ముఖాలూ ఒకేలా ఉన్నాయా? ఆదివాసులు గతకాలపు మనుషులుగానే కనిపిస్తున్నారా, నేటి బడిలో, నేటి ఇంట్లో కూడా ఉన్నారా? వీటిలో నెగ్గిన పుస్తకం కూడా పిల్లలకు నచ్చకపోతే, బలవంతంగా పూర్తి చేయించకుండా అదే సమాజం నుంచి వచ్చిన వేరే తరహా కథను ఇచ్చి చూడాలి.