పీఎంఎఫ్‌ఎంఈ సబ్సిడీ: పల్లీ గానుగకు సరే, బత్తాయి రసానికి చాలదు

ఐదుకు మూడు మార్కులు. పాలమూరు, నల్గొండ వైపు చిన్న ఆహార యూనిట్ పెట్టాలనుకునేవాళ్లకు కేంద్రం, రాష్ట్రం కలిసి ఇస్తున్న పీఎంఎఫ్‌ఎంఈ (ప్రధానమంత్రి సూక్ష్మ ఆహార శుద్ధి సంస్థల) పథకానికి అంతకంటే ఎక్కువ వేయలేం, తక్కువ వేస్తే అన్యాయం. యంత్రాలు కొనుక్కోవడానికి బాగానే అక్కరకొస్తుంది. మార్కులు పోయింది సరుకు కొనే దగ్గర.

2020 జూన్‌లో 10,000 కోట్ల అంచనాతో ఐదేళ్లకని మొదలుపెట్టి, తర్వాత 2025-26 దాకా పొడిగించారు. ఖర్చు కేంద్రానిది 60 పాళ్లు, రాష్ట్రానిది 40. అర్హమైన ప్రాజెక్టు ఖర్చులో 35 శాతం సబ్సిడీ, ఎంత పెద్ద యూనిటైనా 10 లక్షలకు మించదు. సొంత వాటా కనీసం 10 శాతం. అంటే 10 లక్షల ప్రాజెక్టుకు లక్ష మనం పెట్టుకోవాలి, 9 లక్షలు బ్యాంకు లోను, అందులో మూడున్నర లక్షల మేర సబ్సిడీ వస్తుంది.

వస్తుందంటే చేతికి రాదు. ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. ఆ సొమ్ము లోనిచ్చిన బ్యాంకులోనే మన పేరు మీద ఉంటుంది. లోను చివరి విడత విడుదలైన మూడేళ్లకు ఖాతా సక్రమంగా ఉండి, యూనిట్ నడుస్తుంటేనే మనకు జమ కడతారు. ఈలోగా కిస్తీలు తప్పి ఖాతా ఎన్‌పీఏ (మొండి బాకీ) అయితే బ్యాంకు దాన్ని బాకీ కింద పట్టుకుంటుంది. కాబట్టి మూడేళ్లపాటు సబ్సిడీ లేదనుకునే కిస్తీ లెక్క వేసుకోవాలి. ఆ మూడున్నర లక్షల మీద వడ్డీ ఎలా వేస్తారో లోను కాగితాల మీద సంతకం పెట్టకముందే మేనేజరుతో రాయించుకోవడం మంచిది.

భూమి ధర ప్రాజెక్టు ఖర్చులోకి రాదు. యంత్రాలకు అవసరమైన సివిల్ (కట్టడం) పనులు ప్రాజెక్టు ఖర్చులో 30 శాతం మించకూడదు. షెడ్డు ఖర్చు పెంచి రాయించి లోను ఎక్కువ లాగుదామనుకుంటే ఫైలు అక్కడే ఆగుతుంది. కొటేషన్లు జీఎస్టీ నంబరున్న డీలరువే తేవాలి. లోను మంజూరు కాకముందే మోజుపడి గానుగ కొనేస్తే అది ఈ లెక్కలోకి రాదు.

దరఖాస్తు ఆన్‌లైన్‌లో పెట్టాలి. ఫైలు తయారు చేయడానికి జిల్లాకు రిసోర్స్ పర్సన్లు ఉంటారు, వాడుకలో డీఆర్‌పీ. పథకంలో మెచ్చుకోవాల్సిన ఏర్పాటు ఇది. ఒక్కో కేసుకు వాళ్లకు సర్కారే 20,000 ఇస్తుంది, సగం లోను మంజూరయ్యాక, మిగతా సగం యూనిట్‌కు ఉద్యమ్ (చిన్న పరిశ్రమల నమోదు), ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత లైసెన్సు) వంటి నమోదులు పూర్తయ్యాక. మన దగ్గర పైసా తీసుకునే అవసరం వాళ్లకు లేదు. సబ్సిడీలో ఇంత శాతం ఇస్తే పని చేసిపెడతానని ఎవరైనా వస్తే వాళ్లు మధ్యవర్తులని తెలుసుకోవాలి.

బ్యాంకు తిప్పి పంపడానికి ఈ ప్రాంతంలో తరచూ కనిపించే కారణం, రుణమాఫీ వస్తుందని రెన్యువల్ చేయకుండా వదిలేసిన పంట లోను. అది ఓవర్‌డ్యూలో పడి సిబిల్ స్కోరు (అప్పులు కట్టిన తీరుకు బ్యాంకులు చూసే మార్కు) పడిపోయి ఉంటుంది. ముందు దాన్ని సరిచేసుకుని, కొత్త రిపోర్టు తీసుకున్నాకే దరఖాస్తు పెట్టాలి. రెండోది కరెంటు. ఇంటి మీటరు మీద గానుగ మోటరు నడిపితే తనిఖీలో దొరికిపోతారు. పరిశ్రమలకిచ్చే ఎల్‌టీ కేటగిరీ-3, త్రీ ఫేజు కనెక్షన్‌కు యంత్రం ఆర్డరిచ్చిన రోజే డబ్బు కట్టాలి, లేకపోతే గానుగ వచ్చి లైను రాక కిస్తీలు మొదలవుతాయి.

ఇక గానుగ సంగతి. వనపర్తి, నాగర్‌కర్నూల్, గద్వాల వైపు ఈ పథకం బాగా కుదిరేది దీనికే. క్వింటాలు కాయ ఒలిస్తే 70 కిలోల దాకా పప్పు, కట్టె గానుగలో దాన్నుంచి సుమారు 28 కిలోల నూనె. నూనె లీటరు 910 గ్రాములే తూగుతుంది కనుక అది దాదాపు 31 లీటర్లు. కిలోల్లో ఖర్చు లెక్కేసి లీటర్లలో అమ్మేవాళ్లు ఈ తేడా పట్టించుకోక ధర తప్పుతారు. పప్పు మరీ ఎండితే నూనె విడవదు, అందుకే ఆడేటప్పుడు కొన్ని నీళ్లు చిలకరిస్తారు. చెయ్యి జారి ఎక్కువ పోస్తే నూనె మబ్బుగా ఉండి, త్వరగా ముక్కిపోయిన వాసన కొడుతుంది. డ్రమ్ములో రెండు మూడు రోజులు తేరనిచ్చి వడకట్టాలి.

అంతకంటే పెద్ద గండం బూజు. సరిగ్గా ఎండని కాయలో అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం చేరుతుంది. రిఫైనరీలో అయితే శుద్ధిలో పోతుంది, గానుగ నూనెలో కొంత మిగిలిపోతుంది. రంగు మారిన, ముడుచుకుపోయిన, నల్లమచ్చ పప్పును చేత్తో ఏరించడం తప్ప చిన్న యూనిట్‌కు చవక దారి లేదు. ఏరే కూలిని ప్రాజెక్టు రిపోర్టులో రాసేవాళ్లు తక్కువ. నూనె విడిగా సీసాల్లో పోసి అమ్మడం కూడా నిబంధనలకు విరుద్ధం. ప్యాక్ చేసి, లేబులు మీద లైసెన్సు నంబరు, బ్యాచ్, తయారీ తేదీ, నికర పరిమాణం వేయాల్సిందే. తూనికలు కొలతల శాఖలో ప్యాకరుగా నమోదు చేసుకోవాలి.

ఇప్పుడు ఆ పోయిన మార్కుల లెక్క. రోజుకు 12 కిలోల చొప్పున 8 వాయిలు, నెలకు 25 రోజులు ఆడితే 2,400 కిలోల పప్పు కావాలి, అంటే సుమారు 34 క్వింటాళ్ల కాయ. 2025-26 మద్దతు ధర 7,263 చొప్పున చూసినా నెలకు రెండున్నర లక్షలు. యాసంగి పల్లి చవగ్గా దొరికే నాలుగు వారాల్లో ఆరు నెలల సరుకు కొనిపెట్టుకోవాలంటే 15 లక్షలకు దగ్గర. యంత్రాల కంటే సరుకే బరువు! సబ్సిడీ మాత్రం యంత్రాల మీదే. వర్కింగ్ క్యాపిటల్ (సరుకు కొనే పెట్టుబడి) లేక గానుగలు వానాకాలంలో మూతపడేది ఇందుకే.

కొంత ఊరట మహిళా సంఘాలకు. ఆహార తయారీలో ఉన్న సభ్యురాలికి 40,000 వరకు సీడ్ క్యాపిటల్ (మొదటి పెట్టుబడి) ఉంది, చిన్న పనిముట్లకూ సరుకు కొనడానికీ వాడుకోవచ్చు. సమాఖ్య ద్వారా అప్పుగా వస్తుంది, తిరిగి కట్టాలి. కారం, పచ్చళ్లు, అటుకులు చేసే సంఘాలకు బాగా సరిపోతుంది.

నల్గొండ బత్తాయికి ఈ పథకం నమ్ముకుని రసం యూనిట్ పెట్టొద్దు. ఇక్కడి సాత్‌గుడి రకం బత్తాయి రసం తీసిన వెంటనే తియ్యగానే ఉంటుంది. కానీ గింజ, తొనల పొర నలిగి రసంలో కలిస్తే కొన్ని గంటల్లో లిమోనిన్ అనే చేదు పదార్థం తయారై చేదెక్కుతుంది, పాశ్చరైజ్ చేస్తే ఇంకా వేగంగా. ఆ చేదు తీయడానికి రెజిన్ కాలమ్‌లు, గాలి తీసే యంత్రం, కోల్డ్ స్టోరేజీ కావాలి. 10 లక్షల సబ్సిడీ పూర్తిగా అందే ప్రాజెక్టు 28-29 లక్షలది. అంతలో ఇవేవీ ఇమడవు. స్క్వాష్ (నీళ్లు కలుపుకుని తాగే చిక్కటి తీపి రసం) చేయొచ్చు, 25 శాతం రసం, 40 శాతం కరిగిన ఘనపదార్థాలు ఉంటే చాలు, చక్కెర చేదును కొంత కప్పుతుంది. అయినా గింజ నలగని రసం యంత్రమే కొనాలి. పెద్దగా చేయాలంటే రైతు ఉత్పత్తిదారుల సంఘం పేరు మీద ఉమ్మడి సదుపాయాల భాగం కింద వెళ్లాలి. దానికి 35 శాతం, 3 కోట్ల వరకు ఇస్తారు.

కాయ మార్కెట్‌కు వచ్చే జనవరి-ఫిబ్రవరికి లోను చేతిలో ఉండాలంటే ఫైలు వానాకాలంలోనే కదలాలి. యంత్రాలకిచ్చే టర్మ్ లోనుతోపాటు సరుకు కొనడానికి క్యాష్ క్రెడిట్ పరిమితి కూడా అదే దరఖాస్తులో అడగండి, తర్వాత అడిగితే మళ్లీ మొదటి నుంచి తిప్పుతారు. పథకం గడువు 2025-26 వరకే కాబట్టి, కొత్త దరఖాస్తులు తీసుకుంటున్నారో లేదో జిల్లా పరిశ్రమల కేంద్రంలో కనుక్కున్నాకే కొటేషన్లకు తిరగండి.