నాక్సోస్ దీవి: తొందరపడకుండా చూడాల్సిన చోటు

గ్రీస్‌లోని సైక్లడీస్ దీవుల్లో పెద్దది నాక్సోస్. సముద్రతీరం కోసమే వెళ్లి తిరిగొస్తే సగం దీవి చూడనట్టే.

ఏథెన్స్ దగ్గరి పిరేయస్ రేవు నుంచి పెద్ద ఫెర్రీలో సుమారు అయిదున్నర గంటల ప్రయాణం. వేగంగా వెళ్లే చిన్న పడవలూ ఉన్నాయి కానీ జూలై, ఆగస్టుల్లో వీచే మెల్తెమి అనే ఉత్తర గాలికి అవే ముందుగా రద్దవుతాయి. అందుకే పెద్ద ఫెర్రీయే మేలు. తిరుగు విమానానికి కనీసం ఒకరోజు ముందే ఏథెన్స్ చేరుకోవాలి.

నాక్సోస్ రేవు పక్కనే పోర్తారా కనిపిస్తుంది. క్రీ.పూ. 530 ప్రాంతంలో మొదలై ఆగిపోయిన ఆలయానికి మిగిలిన పాలరాతి ద్వారం, దాదాపు 6 మీటర్ల ఎత్తు. సాయంత్రం జనం కిక్కిరిసిపోతారు, పొద్దున్నే వెళ్తే ప్రశాంతం. గాలి ఎక్కువగా ఉంటే అలలు దారి మీదికొచ్చి రాళ్లు జారతాయి, జాగ్రత్త.

అసలు రుచి లోపలి ఊళ్లలో ఉంది. ఆవుపాలే ప్రధానంగా చేసే గ్రావియెరా చీజ్ గట్టిగా, కాస్త తియ్యగా ఉంటుంది. ఇక్కడి బంగాళాదుంపల వేపుడుతో కలిపి తినండి, ఈ దీవిలో అంతకన్నా మంచి పూట లేదు! హల్కి ఊళ్లో 1896 నాటి బట్టీలో దబ్బ జాతి చెట్టు ఆకులతో కిత్రోన్ అనే మద్యం తీస్తారు. ఆకుపచ్చది తీపి, పసుపుది ఘాటు.

ఫిలోతి ఊరి మీదుగా జాస్ కొండ ఎక్కొచ్చు, ఎత్తు సుమారు 1000 మీటర్లు. పైన నీడ లేదు. మనిషికి రెండు లీటర్ల నీళ్లు, పట్టున్న బూట్లు తప్పనిసరి.